నాయన వ్యక్తిత్వ పరీక్ష

ధర్మవరం, మంగళవారం

పోయిన వారం సైకాలజీ ప్రాక్టికల్ కోసం నాయనకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టాను. సౌమ్యతలో ఎక్కువ మార్కులు వచ్చాయి, కోపంలో బాగా తక్కువ. ఇలాంటి లక్షణాలు మనిషిలో చాలావరకు స్థిరంగా ఉంటాయని రికార్డులో రాశాను.

ఈ మధ్యాహ్నం పక్కింటి రమణ తాగొచ్చి, భార్య సుజాతక్కను జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చుకొచ్చాడు. గడపకు కొట్టుకుని ఆమె తల పగిలింది. నేస్తున్న చీర వదిలేసి నాయన మగ్గం మీద నుంచి లేచాడు. చేతికందిన కట్టెతో ఒక్కటిచ్చాడు. రమణ పడిపోయాడు. అయినా నాయన ఆగలేదు. రమణ పళ్లు రాలాయి, చెయ్యి విరిగింది.

"చాలు చిన్నాయనా, సచ్చిపోతాడు!" అని కాళ్లు పట్టుకుంది సుజాతక్కే. అప్పుడు ఆగాడు.

రమణ ఆసుపత్రిలో ఉన్నాడు. నాయనను పోలీసులు తీసుకెళ్లారు. జీపు ఎక్కేముందు, "నాకేమైందో నాకే తెల్దు పాపా" అన్నాడు.

అమ్మ ఇంకా ఏడుస్తూనే ఉంది. పరీక్షలో నాయన అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు. నా భయం అది కాదు. రమణ కింద పడ్డాక, "ఇంకా కొట్టు నాయనా!" అని అరిచింది నేను. ఆ మాట ఆయన విన్నాడా అని అడగడానికి ధైర్యం చాలడం లేదు...