శుక్రుడి మీద సంతకం

29-10-1998, జగ్గయ్యపేట

నా ఉత్తరం ఇవాళ పేపర్లో పడింది. ఒక్క ముక్క కొయ్యలేదు. కొయ్యడానికి మొహం ఉండాలి గదా. మూడు రోజులుగా వాళ్ళే అచ్చేస్తున్నారు: ముక్త్యాల మీద ఎగిరే పళ్ళెం, కృష్ణ దాటిన గ్రహాంతరవాసులు, పక్కన బొమ్మ. ఆ బొమ్మ గీసినవాడు ముక్త్యాల ఎటుందో కూడా ఎరగడు. ఇరవై ఏళ్ళుగా నందిగామ కాలేజీలో ఫిజిక్సు చెబుతున్నాను. సైన్సు సంఘం మీటింగుల్లో గొంతు పోగొట్టుకున్నాను. ఇందుకా?

26న తెల్లవారుజామున మీరు చూసింది శుక్రగ్రహం, అంటే వేగుచుక్క, బుర్ర ఉన్నవాడికి ఆ మాత్రం తెలుస్తుంది అని రాశాను. పది నిమిషాల్లో రాసి పోస్టు చేశాను. కోపంలో నాకు వాక్యం బాగా కుదురుతుంది.

2-11-1998

కల్వర్టు కూలితే ఆరు నెలలకు కదిలే ప్రభుత్వం వారం తిరక్కుండా సైంటిఫిక్ రివ్యూ కమిటీ వేసింది. ఎందుకంటే ఆ రోజు సున్నపురాయి క్వారీలో పని ఆగింది. వాచ్‌మన్ కృపారావు వెలుగు చూసి సైరన్ మోగించాడు. షిఫ్టు షిఫ్టంతా పరుగు తీసింది. తాగి పుకారు పుట్టించాడని అతన్ని పనిలోంచి తీసేశారు. వెలుగు నిజమని కమిటీ తేలిస్తే మళ్ళీ తీసుకుంటానని మేనేజరు కాగితం మీద రాసిచ్చాడట.

చైర్మన్ డాక్టర్ భార్గవ, హైదరాబాదు. లోకల్ మెంబరుని నేను. భార్గవ ఫైలు తెరిస్తే మొదటి కాగితం నా ఉత్తరం కటింగు. సగం రిపోర్టు మీరే రాసేశారండీ అని నవ్వాడు. నేనూ నవ్వాను.

5-11-1998

మండలాఫీసులో విచారణ. పదకొండు మంది సాక్షులు. కృపారావు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఆ వెలుగు అవతలి ఒడ్డు కొండ మీంచి ఇవతలికి కదిలిందన్నాడు. మబ్బు కదిలితే చుక్క కదిలినట్టు ఉంటుందన్నాను. ఆవేళ మబ్బు లేదు సార్, మంచు కూడా లేదు అన్నాడు. వాదన పెంచుకోవద్దన్నాను.

తర్వాత సన్నాయి పుల్లయ్య. రేవులో మొహం కడుక్కుంటూ చూశాట్ట. అది శుక్రుడే కదయ్యా అని అడిగాను. మూఢంలో శుక్రుడెక్కడుంటాడు మేస్టారూ, దసరా ముందు నుంచీ ఒక్క పెళ్ళి లేదు, నా సన్నాయికి బూజు పట్టింది, మీ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు ఎలా చేస్తున్నారో మరి అన్నాడు. హాలంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ప్రభుత్వం సైన్సు కోసం కూర్చుంటే ఇక్కడ ముహూర్తాల గోలా? కళ్ళతో చూసింది చెప్పు, పంచాంగం చెప్పకు అని కసిరాను. క్లర్కుతో ఆ రెండు లైన్లూ కొట్టేయించాను.

9-11-1998

రిపోర్టు వచ్చింది. వస్తువు: శుక్రగ్రహం. సాక్షులు: అవగాహనా లోపం. సంతకం చేశాను.

11-11-1998

కృపారావు భార్య జయమణి ఇంటికొచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ చుక్కేదో నాకు చూపించండి సార్, అది అలా కదిలినట్టు కనపడితే మా ఆయన పొరపడ్డాడని నేనే ఊరంతా చెబుతా, కనపడకపోతే మీరు చెప్పండి అంది. చదువురాని మనిషి ప్రయోగం అడుగుతోంది. ఇంతకన్నా ఏం కావాలి నాకు? రేపే రమ్మన్నాను.

12-11-1998, ఉదయం 7

సిమెంటు లారీ ఎక్కి అయిదింటికల్లా వచ్చింది. మా ఆవిడ కనకవల్లి కాఫీ ఇచ్చింది. ముగ్గురం మేడెక్కాం. తూర్పున ఒక చుక్క. ఇదేనా సార్ అంది. కాదు, అది చిత్త అన్నాను. ఆగమన్నాను. ఆగింది. ఆరున్నరకు సూర్యుడొచ్చాడు.

శుక్రుడు రాలేదు.

జయమణి కాఫీ గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

అదే రోజు, సాయంత్రం

కాలేజీ లైబ్రరీలో ఆల్మనాక్, అంటే గ్రహాల రోజువారీ లెక్కల పుస్తకం, తీశాను. అక్టోబరు 30న శుక్రుడు సరిగ్గా సూర్యుడి వెనక. అటూ ఇటూ నెల పైచిలుకు ఎవడి కంటికీ ఆనడు. మూఢం అంటే అదే. సూర్యకాంతిలో మునిగి కనపడకపోవడం. ఎన్ని వందల ఏళ్ళ పాటు ఎవరెవరు ఆకాశం చూసి పట్టుకున్న లెక్కో. ఆ రోజుల్లో తాళి కడితే కాపురం నిలవదన్నది చెత్త. శుక్రుడు కనపడడన్నది సైన్సు. చెత్తతో పాటు సైన్సునీ కొట్టేయించిన వెధవని నేను. హాల్లో ఆవేళ ఖగోళశాస్త్రం తెలిసి మాట్లాడింది పుల్లయ్య ఒక్కడే.

ఇరవై ఏళ్ళు తిట్టాను పంచాంగాన్ని. ఒక్కసారి తెరవలేదు.

13-11-1998

ఎస్టీడీ బూత్ నుంచి భార్గవకు ఫోన్. ఫైలు సెక్రటేరియట్‌కు వెళ్ళిపోయిందండీ అన్నాడు. శుక్రుడు కాకపోతే గురుడనుకోండి, ఏదో ఒక గ్రహం ఉండే ఉంటుంది అన్నాడు. గురుడు ఆ వేళకు ఎప్పుడో అస్తమించాడన్నాను. మరి అదేమిటో మీరే చెప్పండి అన్నాడు. తెలియదన్నాను. తెలియదని గవర్నమెంటుకు ఎలా రాస్తామండీ అని పెట్టేశాడు.

మా సంఘం సెక్రటరీ కల్యాణ్ నా స్టూడెంటే. మీరు నోరు విప్పితే రేపు నందిగామ సెంటర్లో పంతుళ్ళు మీకు పంచాంగం దండ వేస్తారు సార్, ఒక్క వాచ్‌మన్ కోసం ఉద్యమాన్ని ముంచుతారా అన్నాడు. ఒక్క వాచ్‌మన్ అట. ఆ మాట అనడం వాడికి ఎవరు నేర్పారు? నేనేనేమో.

పేపరుకు రాశాను: నేను సంతకం చేసింది అబద్ధం, ఆ వెలుగు ఏమిటో తెలియదు, కృపారావు చూశాడు. ఈసారి మూడు గంటలు పట్టింది.

18-11-1998

వేశారు. హెడ్డింగు: 'పంచాంగమే గెలిచింది: ఒప్పుకున్న హేతువాది'. కల్యాణ్ నన్ను సంఘంలోంచి సస్పెండ్ చేశాడు. పంతులుగారొకాయన శాలువా పట్టుకొచ్చాడు. గుమ్మంలోంచే పంపేశాను.

24-11-1998

కృపారావు డ్యూటీలో చేరాడు. మేనేజరు పంచాంగం చూడందే కారు కొనని మనిషట. రిపోర్టు పక్కన పెట్టి, మూఢంలో శుక్రుడేమిటయ్యా అని పిలిపించుకున్నాడట. నా ఆల్మనాక్ లెక్క ఎవడూ చదవలేదు.

ప్రభుత్వ రికార్డులో అక్టోబరు 26న శుక్రుడు ఉదయించాడు. అడుగున నా సంతకం ఉంది.