నీలం ట్యాగు, పసుపు ట్యాగు

బఫెలో,
2019 ఫిబ్రవరి 13, బుధవారం.

ఓపల్ పిన్నికి,

మంచు దిబ్బల మధ్యనుంచి నీ మార్వా ప్రేమగా పలకరిస్తూ రాస్తున్నది.

ఆ రోజు వంటింటి గోడకున్న ఫోను తీగని వేలికి చుట్టుకుంటూ నిలబడ్డావే, అప్పుడు నువ్వు ఎవరివి పిన్నీ? మా అమ్మకి చెల్లెలివా, నాకు పిన్నివా? బల్ల కింద కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్లకి నీ మొహం కనిపించలేదు. వేలు కనిపించింది. తీగ బిగిసి వేలి కొస పాలిపోవడం కనిపించింది. అప్పటినుంచి ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది. నిన్ను అడగడానికి ఇన్నేళ్లు పట్టింది.

సరే, ఉత్తరమంటే ముందు ఒంట్లో ఎలా ఉందో అడగాలనీ, తర్వాతే సొంత గోల మొదలుపెట్టాలనీ నేర్పిందానివి నువ్వే. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? డాక్టరిచ్చిన మాత్రలు మింగుతున్నావా, చర్చిలో సిస్టర్ యూలా ఇచ్చిన నూనెతోనే సరిపెడుతున్నావా? మాంట్‌గోమరీలో మీకు అప్పుడే పూలు పూస్తున్నాయని రాశావు. మమ్మల్ని ఉడికించడానికే రాశావని తెలుసు. ఇక్కడ సరస్సు మీదనుంచి వచ్చే గాలి చెవులు తెంపేస్తోంది. కారు అద్దం మీద మంచు గీకడానికి ఏమీ దొరక్క, నువ్వు వదిలి వెళ్లిన అట్లకాడ వాడాను. అదెక్కడుందని కిందటి ఉత్తరంలో అడిగావుగా, అదీ దాని గతి. ఫోనులో చెప్పకుండా ఎందుకు రాస్తున్నావంటావేమో. ఫోనులో నీకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. పోయినసారి నాకు పెళ్లి కుదిరిందని మీ చర్చి మొత్తానికీ చెప్పేశావు.

నా చదువు మూడో ఏడు నడుస్తోంది. ఇంకొక్క ఏడు. "నలభై రెండేళ్లకి చదువేంటే, అందులోనూ రెండు చదువులేంటి, ఒకదానితో కడుపు నిండలేదా?" అని నువ్వు చేరేటప్పుడు తిట్టిన తిట్టు గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది. లా ఒకటీ, సోషల్ వర్క్ ఒకటీ, రెండు పట్టాలు కలిపి ఒకే చదువు. స్కూలు ఆఫీసులో కూర్చుని పిల్లల హాజరు చూసినన్నాళ్లూ, పిల్లని తీసుకెళ్లేవాళ్లొకరు, కోర్టులో మాట్లాడేవాళ్లొకరు, ఇద్దరికీ మధ్య తల్లి తిరగలేక చావడం చూశాను. ఇద్దరి పనీ ఒక్క మనిషి చేస్తే బాగుంటుంది కదా అనుకున్నాను. అలా అనుకున్నదాన్ని నేనొక్కదాన్నే కాదులే, మా క్లాసులో మేం ఆరుగురం. మిగతా అయిదుగురికీ నేను తల్లి వయసుదాన్ని.

మా న్యాయ సహాయ కేంద్రంలో ఒక పద్ధతి ఉంది. అది చెబితేగాని మిగతాది నీకు అర్థం కాదు. మంగళవారాలు మేం లాయర్ల కింద పనిచేస్తాం, మెడలో నీలం ట్యాగు. గురువారాలు సోషల్ వర్కర్ల కింద, పసుపు ట్యాగు. రంగులెందుకంటే, నీలం ముందు చెప్పిన మాట నీలం దగ్గరే ఉండిపోవాలి. లాయరు నోరు విప్పకూడదు. పసుపు ముందు పసిపిల్లకి ప్రమాదమనిపించే మాట ఏదైనా పడితే, వెంటనే పిల్లల రక్షణ శాఖకి ఫోను చేసి తీరాలి. చట్టం అది. వచ్చినవాళ్లకి మొదటి రోజే ఈ రంగుల సంగతి చెప్పి కూర్చోబెడతాం. మా కుర్రకారు పొద్దున్నే "మార్వా గారూ, ఇవాళ మూగా, చాడీనా?" అని అడుగుతారు. మూగ అంటే నీలం, చాడీ అంటే పసుపు.

రెండు వారాల కిందట ఒక గురువారం, పొద్దున లా పరీక్ష రాసి పరుగెత్తుకుంటూ కేంద్రానికి వచ్చాను. తొందరలో మెడలో నీలమే తగిలించుకున్నాను. కోటు విప్పాక కూడా చూసుకోలేదు. ఎదురుగా షనీస్ అనే పిల్ల కూర్చుంది. ఇరవై ఆరేళ్లుంటాయి, హోటల్లో దుప్పట్లు ఉతికే పని, మధ్యాహ్నం రెండునుంచి రాత్రి పది దాకా. ఆమెకి నైలా అని ఆరేళ్ల కూతురు. ఆ పిల్లని తనకిప్పించమని నాయనమ్మ కోర్టుకెక్కింది. షనీస్ తరఫున మాట్లాడేది మా కేంద్రమే. ఆ రోజు నా పని, ఆమెకి ఇంటి అవసరాలేమున్నాయో అడగడం మాత్రమే.

స్కూలు వదిలాక పిల్లనెవరు చూసుకుంటారమ్మా అని అడిగాను. షనీస్ నా మెడవైపు ఒకసారి చూసి, కుర్చీ ముందుకు జరుపుకుంది. "అక్కా, నిజం చెప్తున్నా. మా చెల్లి రాచెస్టర్ వెళ్లిపోయాక ఎవరూ లేరు. బస్సు దిగి తనే తాళం తీసుకుంటది. లోపల గొలుసు పెట్టుకోమన్నా. పొయ్యి ముట్టుకోవద్దన్నా. ఏసుప్రభువొచ్చి తలుపు కొట్టినా తీయొద్దన్నా" అంది. స్కూల్లోనే సాయంత్రాలు ఉంచుకునే చోటు కోసం పేరు రాయించిందిట, వేసవి దాకా ఖాళీ లేదన్నారుట.

నా చేయి ట్యాగు మీదికి పోయింది. రంగు చూసుకున్నాను. నా మొహం చూసి ఆమెకి అర్థమైపోయింది. "ఇదేంటక్కా, నీలం చూసే కదా చెప్పాను! పసుపైతే నోరు తెరిచేదాన్నా?" అంది. ఏడవలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. బ్యాగు సర్దుకుంటూ, "మీరూ అంతేనన్నమాట" అని లేచింది.

పిన్నీ, ఆ మాట విన్నప్పుడు నాకు నీ వేలు గుర్తొచ్చింది.

మా లాయరమ్మ హాన్రటీ గారి దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి, "మార్వా, ఆ అమ్మాయి లాయరుతో మాట్లాడుతున్నాననుకుని మాట్లాడింది. ఆ నమ్మకం మీ మెడలో వేలాడింది. మీరు ఏమీ వినలేదు, అయిపోయింది" అన్నారు. తర్వాత పసుపు వైపు పెద్దాయన పెట్‌వే గారి గదికి వెళ్లి, "ఒకవేళ ఒక విద్యార్థిని గురువారం పొరపాటున నీలం ట్యాగుతో కూర్చుంటే" అంటూ మొదలుపెట్టాను. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టేశాడు. "ఆగు తల్లీ. నువ్వు 'ఒకవేళ' అంటే నాకు దడ. పేరు నా చెవిన పడిందా, నీ ఎదురుగానే ఫోను తీస్తాను. వారం చూసి చెప్పమంటే గురువారం గురువారమే. మెడలో ఏం వేలాడినా, చెవులు ఎవరివి?" అన్నాడు. నేను లేచి వస్తుంటే ఒక కేకు ముక్క చేతిలో పెట్టి, "తిను, చిక్కిపోయావు" అన్నాడు. ఇద్దరూ మంచివాళ్లు. ఇద్దరూ నిజమే చెప్పారు.

నేను ఫోను చేయలేదు పిన్నీ. చేసి ఉంటే కేసు ఆ క్షణమే నాయనమ్మ చేతిలో పెట్టినట్టు. ఆవిడ చెడ్డదేం కాదు, కానీ నైలా తల్లి షనీస్. అలాగని ఆ పిల్ల గొలుసు పెట్టుకుని ఒంటరిగా కూర్చుంటుంటే నేను క్లాసులో కూర్చోలేకపోయాను. అందుకని షనీస్‌ని బతిమాలి ఒప్పించి ఒక ఏర్పాటు చేశాను. నమ్మకమైన మనిషి ఒకావిడ రోజూ సాయంత్రం వెళ్లి, తల్లి వచ్చేదాకా పిల్ల దగ్గర ఉంటోంది. డబ్బులేమీ తీసుకోదు. కాబట్టి నువ్వు బెంగపెట్టుకోకు, పిల్ల క్షేమం.

నువ్వు ఆ రోజు అమ్మ మీద ఆ శాఖకే ఫోను చేశావు. చేసినందుకు అమ్మ నీతో నా హైస్కూలు అయ్యేదాకా మాట్లాడలేదు. పోయేముందు మాత్రం నీ చేతి చిలగడదుంప 'పై' మిఠాయి తప్ప ఇంకేదీ తిననని మొండికేసింది. నేను నీమీద ఎప్పుడూ కోపంగా లేను, ఇది నువ్వు నమ్మాలి. ఫోను పెట్టేసి, బల్ల కిందికి వంగి నన్ను బయటికి లాగి, "లే, నీ బట్టలు సర్దుదాం, నాతో వస్తున్నావు" అన్నావు. ఫోను చేసినావిడా, బట్టలు సర్దినావిడా ఒక్కరే ఎలా అయ్యారో అదే నాకు ఇన్నాళ్లూ అర్థం కాలేదు. అది నేర్చుకోవడానికే రెండు చదువులు చదువుతున్నానేమో. పుస్తకాల్లో ఎక్కడా లేదు.

జవాబు పెద్దక్షరాలతో రాయి. నీ గొలుసుకట్టు రాత చదవడానికి మూడో పట్టా కావాలి.

నీ చేతిలో పెరిగిన,
మార్వా

తా.క. పైన సంతకం పెట్టేశాక నిజం చెప్పకుండా కవరు అంటించలేకపోయాను. ఆ నమ్మకమైన మనిషిని నేనే. ఈ ఉత్తరం షనీస్ వాళ్ల వంటింటి బల్ల మీద రాస్తున్నాను. ఎదురుగా నైలా మాకరోనీ తింటూ, గుర్రానికి ఊదా రంగు వేస్తోంది. సాయంత్రం క్లాసులు మానేశాను. లాయరు ఇలా చేయకూడదు, సోషల్ వర్కరు అసలే చేయకూడదు. రెండు వైపుల పుస్తకాలూ ఒప్పుకునే మాట ఇదొక్కటే. మొదటి రోజు ఈ పిల్ల నాకు తలుపు తీయలేదు. వాళ్లమ్మ హోటల్‌నుంచి ఫోను చేసి చెప్పేదాకా మెట్ల మీదే కూర్చున్నాను. ఇందాక ఎవరికి రాస్తున్నావని అడిగింది. మా పిన్నికన్నాను. "నాకూ పిన్ని ఉండేది, రాచెస్టర్ వెళ్లిపోయింది" అని, మళ్లీ గుర్రం వైపు తిరిగింది.

వచ్చే మంగళవారం కోర్టు. పిల్లని ఎవరు చూసుకుంటున్నారని నాయనమ్మ లాయరు అడుగుతాడు. షనీస్ ప్రమాణం చేసి నా పేరే చెప్పాలి. అప్పుడు నా చదువు మాట అటుంచు, ఆమె లాయర్ల దగ్గరి మనిషే పిల్లని కాస్తోందని బయటపడి ఆమె కేసే కూలిపోవచ్చు. ముందే హాన్రటీ గారికి చెబితే, నన్ను ఇక్కడికి రావద్దంటారు. రేపటినుంచి నైలా మళ్లీ గొలుసు పెట్టుకుని ఒక్కతే. ఆవిడ గది తలుపు రేపు పొద్దున కొట్టాలా, వద్దా? నువ్వయితే ఏం చేసేదానివో ఊహించి చూశాను. ఆ ఊహలో ఒకసారి ఫోను తీశావు, ఒకసారి బట్టలు సర్దావు, ఏది ముందు చేసి ఉండేదానివో తెలియలేదు. నేను ఏం చేయాలో నాకింకా తేలలేదు పిన్నీ.