కనకరత్నానికి చెప్పవలసిన మాట

అమ్మా మాధురీ, మీ ఆయన బతికే ఉన్నారు! ఆసుపత్రి శవాల సొరుగులో ఉన్నది అల్లుడుగారు కాదు, కాదు గాక కాదు! ఈ కళ్ళతో చూశాను, ఈ చేతులతో పట్టుకున్నాను, ఇప్పుడు నా పక్క మంచం మీద పడుకుని గురక పెడుతున్నారు.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి మాధురికి మీ నాన్న వెయ్యి దీవెనలతో రాయునది. చూశావా, శుభం ముందు రాసేసి పలకరింపు తరవాత రాస్తున్నాను. విమానంలో ఈ ఉత్తరం మనసులో రాసుకుంటూనే ఉన్నాను తల్లీ. ప్రతిసారీ సౌభాగ్యవతి అన్న మాట దగ్గరికొచ్చి ఆగిపోయేవాణ్ణి. ఇప్పుడు ఎన్నిసార్లయినా రాస్తాను. నేను కులాసా. కాళ్ళు వాచాయి, అంతే. అక్కడ నువ్వూ, అమ్మా, పిల్లా అన్నం తిని నిద్రపోతే నాకదే పదివేలు.

ఫోను చేస్తే మీ అత్తగారింట్లో స్పీకరు పెడతారు, పరామర్శకొచ్చిన వాళ్ళంతా వింటారు. అందుకని కాగితం మీద రాసి, బంగారరాజు చేత ఫొటోలు తీయించి నీ ఒక్కదాని ఫోనుకే పంపిస్తున్నాను. బంగారరాజు మన అంబాజీపేట మనిషే, ఫ్రాన్సులో ఈ బోర్దో ఊళ్ళో హోటల్లో వంట చేస్తాడు. నన్ను తన గదిలో పెట్టుకుని అన్నం పెడుతున్నాడు. నువ్వు తలుపేసుకుని చదువు. ఆఖరుదాకా చదివాకే బయటికి రా.

నువ్వు మెసేజీలో అడిగినవాటికి జవాబు చెప్తాను. గాజులు తీసేయమని మీ పెద్దత్తగారు పోరుతున్నారన్నావు. తియ్యకు. తాడు మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకు. వాడపల్లి వెంకన్న ఏడు శనివారాల మొక్కు నేను కూడా నీతో నడుస్తాను. కనకరత్నం కాలవ దాటి వచ్చి, నిన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని జావ తాగించిందని రాశావు. మీ ఆయనతోపాటే ఇక్కడికొచ్చిన వాళ్ళబ్బాయి ఇమ్మానుయేలు ఫోను కలవడం లేదనీ, కనబడితే ఇంటికి ఫోను చెయ్యమని చెప్పమనీ అడిగిందన్నావు. ఆ సంగతి తరవాత రాస్తాను.

ఊరు ఎలా ఉందని అడిగావు. సగం ఊరు ఇవాళ నడిచి చూశాను. ఏ వీధికెళ్ళినా వైను కొట్లే. సీసాల్ని అద్దాల వెనకాల పురిటిపిల్లల్లా పడుకోబెట్టారు. పొద్దున్న చూసిన సొరుగు గుర్తొచ్చి అటు చూడలేకపోయాను. మేడలన్నీ తేనె రంగు రాయి. ఒకచోట నేలమీద పల్చగా నీళ్ళు పరిచారు, నాట్లకి దమ్ము చేసిన చేనులా. అందులో మేడలు తలకిందులుగా కనబడుతున్నాయి, పిల్లలు తొక్కుతూ ఆడుకుంటున్నారు. నేనూ చెప్పులు విప్పి కాళ్ళు చల్లార్చుకున్నాను. పక్కనే గరోన్ నది, అచ్చం వరద గోదారి రంగు. చూస్తూ ఉండగానే నీళ్ళు వెనక్కి తిరిగాయి. సముద్రం పోటు ఇంతదూరం వస్తుందట, మన రాజోలు పాయలోకి వచ్చినట్టే.

పొద్దున్న సంగతి చెప్తాను. ఆసుపత్రి కింద గదిలో, చల్లగా, సొరుగు లాగారు. మొహం మీద గుడ్డ తీశారు. మన అల్లుడు నాగసతీష్ గారు కాదు! అంతే, నాకు ఒళ్ళు తెలియలేదు తల్లీ. "కాదండీ, కాదండీ" అని అరిచాను. ఆ తెల్ల కోటాయన్ని కావలించుకున్నాను. నవ్వాను, పైకే నవ్వాను. బంగారరాజు నా భుజం పట్టుకుని, "బాబాయిగారూ, ఊరుకోండి, ఇంకోసారి చూడండి" అన్నాడు. ఇంకోసారి చూశాను.

మీ ఆయన జాడ కోసం అక్కణ్ణించి నడక మొదలెట్టాం. ఫొటో పట్టుకుని కూలీలు ఉండే వీధులన్నీ తిరిగాం. పెద్ద గడియారం ఉన్న పాత కోట గుమ్మం చూసి, మన అమలాపురం గడియారస్తంభం దగ్గర నిలబడ్డట్టు ఇక్కడా కూలీలు నిలబడతారని గబగబా వెళ్ళాను. అందరూ ఫొటోలు తీసుకునేవాళ్ళే. చివరికి గోపురం ఒకచోటా గుడి ఒకచోటా కట్టిన ఒక చర్చి ఉంది, సాయంత్రం అక్కడ ఇల్లు లేనివాళ్ళకి తిండి పెడుతున్నారు. ఆ వరసలో, మెట్టు మీద, రొట్టె నములుతూ మా అల్లుడుగారు! గడ్డం పెరిగింది, సగమయ్యారు.

నన్ను చూసి లేచి, "మావయ్యగారూ, మీరెందుకొచ్చేరండీ?" అన్నారు.

"మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్దామనేనండి బాబూ, పెట్టెలో" అన్నాను.

కొట్టాలనిపించింది. కొట్టలేదు. పొద్దుటినుంచి తినలేదేమో, ఆయన చేతిలో రొట్టె లాక్కుని సగం తినేశాను. అప్పుడిద్దరం ఏడ్చాం.

ఇక దాచిన సంగతి. రాయక తప్పదు. సొరుగులో ఉన్నది ఇమ్మానుయేలు.

ద్రాక్షతోటలో పనికి కాగితం ఉండాలి. ఇమ్మానుయేలు కాగితం గడువు అయిపోయింది. అందుకని మీ ఆయన పర్మిట్ కార్డు మీదే ఇద్దరూ పని చేశారు. ఒకరు వెళ్ళిన రోజు రెండోవాళ్ళు గదిలో పడుకోవాలి. ఇక్కడివాళ్ళ కళ్ళకి మన మొహాలన్నీ ఒకటే. ఆ రోజు మీ ఆయనకి నడుం పట్టేసింది, వంతు కాకపోయినా వాడు వెళ్ళాడు. కొబ్బరి నీడన పెరిగిన పిల్లాడు, ద్రాక్ష వరసల మధ్య ఎండకి కూలిపోయాడు. జేబులో కార్డు మీ ఆయనది. అందుకే మనింటికి కబురొచ్చింది.

రెండోసారి చూసినప్పుడే గుర్తుపట్టాను. నీ పెళ్ళిపందిట్లో అరటిబోదెలు భుజాన మోసుకొచ్చి కట్టింది వాడే కదా. "ఈ మనిషి ఎవరో తెలుసా" అని వాళ్ళడిగితే బంగారరాజు తెలుగులో చెప్పాడు. నేను తెలీదన్నాను. కార్డు సంగతి బయటపడితే అల్లుడుగారి మెడకి చుట్టుకుంటుందని నా నోరు దానంతటదే అనేసింది. వాడి తల దగ్గర నిలబడి నవ్వాను, తరవాత వాడెవరో తెలీదన్నాను.

మీ ఆయనా అదే మాట అన్నారు. "చెప్పకండి మావయ్యగారూ. కేసు పెడతారండి, పంపించేస్తారండి. వాడెలాగూ పోయాడు కదండీ."

"వాళ్ళమ్మకి ఎవరు చెప్తారండి?"

"నేనే పోయాననుకుని వదిలేస్తారనుకున్నానండి."

"మరి మా అమ్మాయో?"

తల దించుకున్నారు. నీ గాజులు పగలగొడతారని తెలిసీ ఫోను ఆపేసుకుని కూర్చున్నారు తల్లీ, భయంతో. ఇది నీకు దాచను. కోప్పడతావో, క్షమిస్తావో నీ ఇష్టం. కోప్పడ్డానికి నీకు మనిషి మిగిలాడు. నా సంతోషం అదే.

రేపు పొద్దున్న ముగ్గురం మళ్ళీ ఆ ఆసుపత్రికి వెళ్తున్నాం. ఇమ్మానుయేలు, తండ్రి యేసురత్నం, తల్లి కనకరత్నం, ఊరు ఫలానా అని నేను చెప్తాను, బంగారరాజు వాళ్ళ భాషలో చెప్తాడు. చెప్పకపోతే ఆ పిల్లాణ్ణి పేరు లేకుండా ఇక్కడే పూడ్చేస్తారు. మీ ఆయన్ని ఏం చేస్తారో తెలీదు. జైలే అంటారో, విమానం ఎక్కించి పంపేస్తారో. మళ్ళీ ఈ దేశం రానివ్వరు, అది మాత్రం ఖాయం. ఆయన ఇంకా సరే అనలేదు. అందుకని ఆయన బూట్లు నా దిండు కింద పెట్టుకున్నాను. నీ కాపురం సంగతి నిన్నడగకుండా నిర్ణయించాను, తప్పయితే తిట్టు. కానీ నీకు జావ పట్టిన మనిషికి తన కొడుకు ఫోను కోసం ఎదురుచూపులు మిగల్చలేను.

ఇట్లు,
నీ సౌభాగ్యం కళ్ళారా చూసిన
మీ నాన్న గంగరాజు

చెప్పవలసినవాళ్ళు: మీ అత్తగారు సూర్యకాంతం గారికి, కొడుకు బతికున్నాడని నెమ్మదిగా, కూర్చోబెట్టి చెప్పు. మీ అమ్మ వీరాయమ్మకి. రాజోలు అక్క దుర్గాశ్రీకి. మీ మరిది సత్యప్రసాద్‌కి, బ్రాహ్మడికి చెప్పిన కబురు వెనక్కి తీసుకోమను. ఐనవిల్లి పెద్దనాన్నకి.

యేసురత్నం, కనకరత్నం మనకి చుట్టాలు కారు. అయినా పైన రాసినవాళ్ళందరికంటే ముందు వాళ్ళకే చెప్పు. మనింట్లో సంబరం కాలవ అవతలికి వినబడకముందే వెళ్ళు. ఫోను చెయ్యకు, నడిచి వెళ్ళు, పక్కన కూర్చో. "మా వాడి దగ్గర ఎవరైనా ఏడ్చేరా అమ్మా" అని కనకరత్నం అడుగుతుంది. ఏడ్చారని చెప్పు. ఇవాళ వాడి దగ్గర ఎవరూ ఏడవలేదు. రేపు వాడి పేరు చెప్పాక, మరోసారి సొరుగు తీయించి ఆ పని చేసి వస్తాను.