పంజాబీవైపోయిన నాన్సీకి

నాన్సీ,

ఎదురుపడితే ముఖం తిప్పుకుంటున్నావు కాబట్టి రాసి పంపుతున్నాను.

మన కాలేజీ ఐక్యతా దినోత్సవం ఊరేగింపుకి అంగడిలో అద్దెకు దొరికినవి పంజాబీ, రాజస్థానీ బట్టలే. పొడుగ్గా ఉన్నావని నిన్ను పంజాబీని చేశారు. పొట్టిగా ఉన్నానని నన్ను రాజస్థానీని చేశారు. అది సోమవారం సంగతి. బుధవారానికల్లా ఎవరు ముందు నడవాలని గొడవ మొదలైంది. మారికుప్పంలో పుట్టి బంగారుపేట దాటి ఎరుగని మన క్లాసు డెరిక్, "మా పంజాబోళ్లను ఎనక నిలబెడతారా? మా రక్తంలోనే పౌరుషం ఉండాది!" అని రొమ్ము చరుచుకున్నాడు.

నేనూ తక్కువ తినలేదు. "ఈ పంజాబోళ్లు ముందు నుంచీ ఇంతే" అని అరిచాను. ముందు నుంచీ అంటే రెండు రోజుల నుంచి.

నిన్న మధ్యాహ్నం అలవాటుగా నీ క్యారియర్‌లో చేయి పెట్టబోతే, "మావాళ్లు చూస్తా ఉండారు, పోమ్మా" అన్నావు. ఎనిమిదేళ్లుగా నువ్వు 'మావాళ్లు' అంటే అందులో నేనూ ఉండేదాన్ని. ఇంటికొచ్చి నిఘంటువులో 'ఐక్యత' అన్న మాట వెతికాను. ఎవరు ముందు నడవాలో అందులో రాయలేదు.

నిన్నూ వాళ్లలో కలిపి అరిచినందుకు క్షమించు. రేపు పొద్దున కాలేజీకి పోయే రైల్లో కిటికీ పక్కన నీకోసం నా సంచి పెట్టి ఉంచుతాను. మా రాజస్థానోళ్లు ఎంత అడిగినా ఆ చోటు ఇవ్వను.

నీ బెంచీలో గోడవైపు కూర్చునేది