మఫ్టీ అన్న మాట గుర్తింపు కార్డు కాదని మనవి

పోలీసు ఉన్నతాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తుపాకులు బాహాటంగా ధరించి పాతబస్తీలో ఒక ఇంట ప్రవేశించినవారు పోలీసు గుర్తింపు చూపకపోవుట – వారు తమవారో కాదో తెలుపవలెనని కోరుట – గురించి.

నేను మలక్‌పేటలో వినికిడి పరీక్షల క్లినిక్ నడుపుతున్నాను. పాతబస్తీ నివాసి ఖదీజా బేగం గారికి చెవి మిషన్ అమర్చినది నేనే. ఆమె కుమారుడు హమ్మాద్, లక్కగాజుల పనివాడు, గురువారం మధ్యాహ్నం నుండి కనిపించుట లేదు. ఈ మనవిని ఆమె ఎదుట కూర్చుని, ఆమె తరఫున వ్రాయుచున్నాను.

1. ఆ మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టగా ఆమె "ఎవరు?" అని అడిగినారు. "మఫ్టీ" అని జవాబు వచ్చినది. పోయిన భర్త ఇంటి వాటా విషయమై సలహా చెప్పుటకు మతధర్మ పండితులైన ముఫ్తీ సాబ్ వస్తానని చెప్పి ఉన్నందున, ఆమె తలపై కొంగు సర్దుకుని, "ఆయియే హజ్రత్" అని గౌరవంగా తలుపు తీసినారు. వచ్చినవారు ముగ్గురు. ముఖాలకు రుమాళ్లు, చొక్కాలపైన నడుముకు పిస్తోళ్లు. యూనిఫాం లేదు.

2. హమ్మాద్ "కార్డు చూపియ్యి భాయ్, వస్త" అన్నాడు. వారిలో ఒకరు పిస్తోలు మీద తట్టి, "గిదే కార్డు. చదువుకో" అన్నారు. తరువాత అతనిని నంబరు ప్లేటు లేని కారులో తీసుకుపోయినారు.

3. మేమిద్దరము ఠాణాకు వెళ్లి జరిగినదంతా చెప్పగా ఎస్.ఐ. గారు, "మావోళ్లు ఎవ్వలూ పోలే మేడం" అన్నారు. మరుక్షణమే, "అయినా మఫ్టీల ఉన్నోళ్లు అందరికీ కార్డులు చూపించుకుంట తిరుగుతరా?" అన్నారు. వెళ్లనివారి తరఫున ఇంత వాదన ఎందుకో తమరే విచారించవలెను. పక్కనున్న కానిస్టేబుల్, "ముఫ్తీ సాబ్‌నే అడుగుండ్రి, ఆయనే తీస్కపోయిండేమో" అని నవ్వినారు. ఆ నవ్వు కూడా ఈ అర్జీలో ఫిర్యాదుగా నమోదు కావలెను.

4. "ముసలమ్మకు చెవుడు, ఆమె మాట పట్టుకొని కేసు రాయాల్నా?" అన్నది ఎస్.ఐ. గారి తుది అభిప్రాయం. ఇది నా వృత్తికి సంబంధించిన విషయము గనుక జవాబు చెప్పుచున్నాను. ఖదీజా గారికి మరల పరీక్ష చేసినాను. మిషన్ పెట్టుకుంటే ఆమె మాటలు తగినంతగా వినగలరు. మా క్లినిక్‌లో పనిచేసే స్రవంతిని తలుపు అవతల నిలబెట్టి "మఫ్టీ", "ముఫ్తీ" అన్న ఆ రెండు మాటలూ మార్చి మార్చి పలికించగా, ఏ లోపమూ లేని నా చెవి సైతం పలుమార్లు తప్పినది. కనుక లోపము ఆమె చెవిది కాదు. చూపవలసిన దానిని వినిపించి సరిపెట్టుట లోపము. వినికిడి తక్కువైనవారు పెదవులు చూసి మాట గ్రహించెదరు. రుమాలు కట్టినవారు వారికి ఆ ఆధారమూ లేకుండా చేసినారు.

5. అరెస్టు చేయువారి పేరు స్పష్టంగా కనబడునట్లు ఉండవలెనని చట్టం చెప్పుచున్నది. ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ఎదుట హాజరు పరచవలెనని కూడా చెప్పుచున్నది. నేడు సోమవారము.

వారు తమవారైతే హమ్మాద్ ఎక్కడ ఉన్నాడు? కానిచో, తుపాకులతో పట్టపగలు మనిషిని ఎత్తుకుపోయినవారిపై ఇంకా కేసు ఎందుకు లేదు? మూడవ జవాబు ఏదియూ లేదు. ఇకపై ఆయుధం కనబడునట్లు ధరించిన ప్రతి పోలీసు, అడిగినా అడగకున్నా, ముందు కార్డు చూపవలెనని ఉత్తర్వు జారీ చేయవలెను. చూపని వానిని పోలీసుగా భావించే బాధ్యత పౌరులది కాదు.

జవాబు సంతకంతో, వ్రాతపూర్వకంగా రావలెనని కోరుచు, చిత్తగించవలెను.

జవాబు అందువరకు,
తమ విధేయురాలు,
బి. తనూజ,
వినికిడి నిపుణురాలు, మలక్‌పేట

తా.క.: దీనిని చదివి వినిపించగా ఖదీజా గారు కాగితంపై చేయి అడ్డుపెట్టినారు. నేను ఒక్క వాక్యమైనను తీసివేయలేదు గాని, ఆమె మాటను ఆమె చెప్పినట్లే చేర్చుచున్నాను: "గింత కోపంగ రాయకు బేటీ. వాళ్లు పోలీసోళ్లే కావాలె అని నాలుగు దినాల సంది దువా చేస్తున్న. పోలీసోళ్లయితే జైల్లనన్న ఉంటడు గదా."