తలుపు వేసి అడిగే మాట

ఆండర్సన్‌పేట

ప్రేమక్కకు,

‘ప్రియమైన’ అని రాయడానికి చెయ్యి రాలేదు. నీ నంబరు ఫోన్లోంచి తీసేశాను. అందుకే ఆయా మారమ్మ చేతికి ఇది ఇచ్చి పంపుతున్నాను.

ఎక్స్‌రే పని నాకు నేర్పింది నువ్వే. ఆడపిల్ల వస్తే ముందు వెంట వచ్చిన అత్తను బయటికి పంపాలి. “లోపల ఏసీ ఉండాది పెద్దమ్మా, మీ కీళ్లకు పడదు” అనాలి. తలుపు వేశాకే, నెల తప్పిందా అని అడగాలి. మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయటపెట్టరు మనవాళ్లు. అత్త ముందు అడిగితే లేదనే అంటారు. అలా అడిగి కడుపుతో ఉన్న ఎందరినో ఎక్స్‌రే బల్ల ఎక్కకుండా ఆపాం.

నాకే నెల తప్పినప్పుడు మా ఆయన గిరీశ్‌కు చెప్పాను, నీకు చెప్పాను. అత్తకు కూడా చెప్పలేదు. “ఇంగ వార్డుకు మిషను తోసుకోని పోవద్దు, అవన్నీ నావి. నువ్వు సీసం గోడ యనకాలే ఉండల్ల. ఒంటికెంత రేడియేషన్ తగిలిందో చూపే ఆ బ్యాడ్జి మర్చిపోయినావో, చెవి మెలేస్తా” అన్నావు. అమ్మ గుర్తొచ్చింది.

నిన్న ఆసుపత్రి ఓనరు నరసింహప్ప సారు పిలిచి, “కడుపుతో ఈడ పని చేస్తే రేపు నా తలకు చుట్టుకుంటాది. ఇంగ రావద్దమ్మా” అన్నాడు. పక్కనే ఉన్న నువ్వు తల వంచుకున్నావు. గిరీశ్ చెప్పడు. మిగిలింది ఎవరు? ఇంట్లో నన్ను ఎవరూ ఏదీ అడగరక్కా. ఆ గదిలో మాత్రం నేను ఆగమంటే డాక్టరైనా ఆగేవాడు. అది పోగొట్టావు.

పుష్పావతి

*

రాబర్ట్‌సన్‌పేట

పుష్పా, నా తల్లీ,

చెప్పింది నేను కాదు. పోయిన వారం గిరీశ్ సారు దగ్గరికి వచ్చాడు. “ఆ ఎక్స్‌రే కరెంటు బిడ్డకు తగిలితే ఎవురు జవాబు చెప్తారు సార్? ఆమెను నిలిపేయండి. నేను వచ్చినట్టు చెప్పొద్దండి” అన్నాడు. గోడ వెనక ఉండి, బ్యాడ్జి రీడింగు చూసుకుంటూ పని చెయ్యవచ్చని నేను చెప్పాను. “మొగుడూ పెండ్లాల నడుమ నువ్వు దూరొద్దు” అన్నాడు సారు. కాపురంలో గొడవ ఎందుకని నీకు చెప్పలేదు.

ఈరోజు మళ్లీ అడిగాను. భర్త ఒప్పుకుంటే చూస్తానన్నాడు.

ప్రేమ

*

ఆండర్సన్‌పేట

అక్కా,

గిరీశ్‌ను అడిగాను. ముద్ద కలుపుతూ, “నీ మేలుకే కదా” అన్నాడు.

“గోడ యనకాల భయం లేదని నీకు చెప్పినా కదా?”

“చెప్పినావులే. మొగోళ్ల చొక్కాలిప్పించి, భుజాలు పట్టుకోని నిలబెట్టే పని మా ఇంటికి బాగుండదు. ఆ మాటంటే నువ్వు వింటావా?”

వినేదాన్ని కాదు. అది తెలిసే, ఇంకా పుట్టని బిడ్డను అడ్డం పెట్టుకున్నాడు. నేను ముద్ద ముట్టలేదు. అతను మొత్తం తిని, చెయ్యి కడుక్కుని లేచాడు.

నీ మీద కోపం కూడా పోలేదు. సంగతి తెలిసి వారమంతా నా పక్కనే నిలబడి టీ తాగావు.

సోమవారం పనికి వస్తున్నాను. గిరీశ్ ఒప్పుకోలేదని సారుతో నేనే చెబుతాను. పని చేసేది నేను, జవాబు నాకే చెప్పమంటాను. కాదంటే ఆ మాట పేషెంట్ల ముందు అననీ.

అత్తకు కడుపు సంగతి రాత్రే చెప్పేశాను. ఇరుగుపొరుగుకు ఆమె చెప్పుకుంటుంది. ఇక నా వెనక ఎవరూ చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

పుష్పావతి