కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర

మంగళవారం, చొప్పదండి

అన్న బిగించిన కంప్యూటర్ ఇవాళ నాలుగోసారి దానంతట అదే ఆగిపోయింది. నాకు సంతోషంగా ఉంది. ఈ మాట ఇక్కడ తప్ప ఎవరితోనూ అనలేను.

పెళ్లిపత్రికల డిజైన్లు చేసేది నేను, కంప్యూటర్ కావాల్సిందీ నాకే. కరీంనగర్‌లో రెడీమేడ్‌ది చూసి కూడా వచ్చాను. దుబాయి నుంచి బాపు సరేనన్నాడు. అన్న మాత్రం విడిభాగాలు తెప్పించి తానే బిగిస్తానని పట్టుబట్టాడు. ఆదివారం నేను పక్కన కూర్చోబోతే, "నీకేం తెలుస్తది, జరుగు" అన్నాడు, తన దోస్తుల ముందే. జరిగాను. జరిగి, చూస్తూ కూర్చున్నాను. ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ అడుగున సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాన్ని పీకకుండానే బిగించేశాడు. అలా చేస్తే వేడి ఎటూ పోక కంప్యూటర్ ఆగిపోతుందని కాలేజీ ల్యాబులోనే నేర్చుకున్నాను. అయినా నోరు మెదపలేదు.

సాయంత్రం బాపు ఫోన్ చేసి, స్పీకర్‌లోనే అన్నను కడిగేశాడు. "చేతగాని పని ఎందుకు వెట్టుకున్నవ్‌రా" అన్నాడు. తర్వాత నన్ను అడిగాడు, "నువ్వు పక్కన్నే ఉన్నవ్ గదా బిడ్డా, జర చూడకపోతివా?"

నేను మాట్లాడేలోపే అన్న అందుకున్నాడు. "దాన్నేం అనకు బాపూ. తప్పు నాదే. నేనే దాన్ని దగ్గరికి రానియ్యలే."

పుట్టి బుద్ధెరిగాక అన్న నా వైపు మాట్లాడడం ఇదే మొదలు. కూలర్ విప్పి ఆ పొర పీకడం ఎంతసేపటి పని. అప్పుడైనా చెప్పాల్సింది...

ఫోన్ పెట్టేశాక, "రేపు కరీంనగర్ పోదాం చెల్లే, నీకు నచ్చిందే కొనుక్కుందువు" అన్నాడు తల వంచుకుని.

సరే అన్నాను.